గారపళ్ళ రహస్యం తేల్చిన డాక్టరు

ఫ్లోరైడ్ అనగానే మనకి నల్గొండ జిల్లాయే గుర్తొస్తుంది. బావి నీళ్ళు తాగి పళ్ళు గారకట్టి, ఎముకలు వంగిపోయిన మనుషులు కళ్ళముందు మెదులుతారు. మరి అదే ఫ్లోరైడ్‌ని పసిపిల్లల పళ్ళు పుచ్చకుండా పూస్తారంటే ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది. నాకూ మొదట విన్నప్పుడు వింతగానే తోచింది. ఈ చిక్కుముడి విప్పిన మనిషి ఫ్రెడరిక్ మెకే అనే అమెరికా పళ్ళ డాక్టరు.

మెకే 1874లో పుట్టారు. దంతవైద్యం చదువు ముగించి 1901లో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్ళో ప్రాక్టీసు పెట్టారు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళలో చాలామంది పళ్ళమీద గోధుమరంగు మచ్చలుండేవి. పందిమాంసం ఎక్కువ తినడం వల్లనని కొందరు, పాలు మంచివి కాకపోవడం వల్లనని కొందరు తోచిన కారణం చెప్పేవారు. తోటి డాక్టర్లకి పట్టలేదు. మెకే మాత్రం వదల్లేదు.

ఆయన పట్టుదల చూసి, ఆ రోజుల్లో దంతవైద్యంలో పెద్ద పేరున్న జి.వి. బ్లాక్ 1909లో ఆ ఊరొచ్చి చేయి కలిపారు. అక్కడే పుట్టిన పిల్లల్లో నూటికి దాదాపు 90 మందికి మచ్చలున్నాయని అప్పటికే లెక్క తేలింది. పళ్ళన్నీ వచ్చాక ఆ ఊరు చేరిన పెద్దలకి మచ్చలు పడటం లేదు. ఇంకో విచిత్రం, మచ్చలున్న పళ్ళు అంత తేలిగ్గా పుచ్చడమూ లేదు. 1915లో బ్లాక్ చనిపోయాక మెకే ఒక్కరే వెతుకులాట సాగించారు.

1923లో ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే ఊరికి వెళ్ళారు. అయిదు మైళ్ళ అవతలి వేడినీటి ఊట నుంచి గొట్టాలు వేశాకే పిల్లల పళ్ళు పాడయ్యాయని కనిపెట్టింది అక్కడి తల్లిదండ్రులే. పరీక్షలో నీళ్ళలో తేడా ఏమీ కనబడకపోయినా, మెకే వాళ్ళ మాట నమ్మి వేరే ఊట వాడమన్నారు. కొన్నేళ్ళకి చిన్నపిల్లలకి వచ్చిన కొత్త పళ్ళు తెల్లగా ఉన్నాయి. చివరికి 1931లో హెచ్.వి. చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త మచ్చలున్న ఊళ్ళ నీళ్ళలో ఫ్లోరైడ్ మోతాదు మించి ఉందని తేల్చారు. ముప్ఫయ్యేళ్ళ శ్రమకి ఫలితం అది.

ఆ తర్వాత ట్రెండ్లీ డీన్ అనే డాక్టరు, లీటరు నీళ్ళలో సుమారు 1 మిల్లీగ్రాము ఉంటే పళ్ళు పుచ్చడం తగ్గుతుందనీ, మచ్చలూ అంతగా పడవనీ చూపించారు. 1940లలో పిల్లల పళ్ళమీద ఫ్లోరైడ్ నేరుగా పూసి చూడటం మొదలైంది. మెకే 1959లో కన్నుమూశారు.

ఇందులో మనం పట్టుకోవలసింది ఒక్కటే. పళ్ళు చిగుళ్ళ లోపల తయారయ్యే వయసులో రోజూ ఎక్కువ ఫ్లోరైడ్ కడుపులోకి పోతే గారపళ్ళు వస్తాయి. పైన పూసింది పంటి మీదే పనిచేస్తుంది. తీపి తిన్నప్పుడు సూక్ష్మక్రిములు పుట్టించే ఆమ్లం పంటి పైపొరని కరిగిస్తుంది. పోయిన ఖనిజాలు లాలాజలం నుంచి తిరిగి చేరడానికి ఫ్లోరైడ్ సాయపడుతుంది.

డాక్టర్లు పూసే వార్నిష్‌లో 5 శాతం సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. కొద్ది చుక్కలు చాలు, నిమిషాల్లో పూత అయిపోతుంది. మూడు నుంచి ఆరు నెలలకోసారి పూయిస్తారు. చిగురు దగ్గర సుద్దలాంటి తెల్లమచ్చ కనబడినప్పుడే వెళ్తే పుచ్చు ముదరకుండా ఆగే వీలుంది. గుంట పడ్డాక మాత్రం పూత ఒక్కటే సరిపోకపోవచ్చు. పేస్టు మూడేళ్ళలోపు వాళ్ళకి బియ్యపుగింజంత, ఆరేళ్ళలోపు వాళ్ళకి బఠాణీగింజంత చాలు. మింగకుండా పక్కనే ఉండి తోమించాలి. ఫ్లోరైడ్ నీళ్ళున్న ఊళ్ళవాళ్ళు ఇంట్లో ఏ నీళ్ళు తాగుతారో డాక్టరుకి ముందే చెప్పాలి.

పాలపళ్ళేగా, ఎలాగూ ఊడిపోతాయని ఊరుకోకండి. దవడపళ్ళు పది పన్నెండేళ్ళదాకా ఉండాలి. అవి నొప్పిపెడితే బిడ్డకి అన్నమూ సహించదు, నిద్రా పట్టదు.