సామాన్యుని ఇంటి గోడకు బొమ్మనిచ్చిన జామినీ రాయ్

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని మిత్రులు కోరినప్పుడు నాకు వంగదేశపు చిత్రకారుడు జామినీ రాయ్ గారు గుర్తుకు వచ్చారు. నెల జీతంతోనూ, ఆ తరువాత పెన్షనుతోనూ సంసారం ఈదుకొచ్చిన మనబోటి వాళ్ళ ఇళ్ళలో కూడా ఒక మంచి బొమ్మ ఉండాలని కోరుకున్న కళాకారుడాయన. అందుకోసం తన బొమ్మల ధర పెరగకుండా తానే అడ్డుపడ్డారు. అటువంటి మనిషి గురించి మనమూ, మన పిల్లలూ తెలుసుకోవడం అవసరం.

జామినీ రాయ్ గారు 1887 ఏప్రిల్ 11వ తేదీన బాంకురా జిల్లాలోని బేలియాతోర్ గ్రామంలో ఒక చిన్న భూస్వామి కుటుంబంలో జన్మించారు. తండ్రి రామ్‌తరణ్ రాయ్ గారు ప్రభుత్వోద్యోగం వదులుకుని సొంత ఊరు చేరిన వ్యక్తి. ఆయనకూ బొమ్మలంటే ఇష్టమే. ఆ ప్రాంతం చేతిపనులకు పుట్టిల్లు. కుమ్మరులు చేసే మట్టి గుర్రాలు, కొయ్యబొమ్మలు, పండుగలకు ఆడవారు నేలమీద వేసే అల్పనలు (మన ముగ్గుల వంటివే) ఆ పిల్లవాడు కళ్ళారా చూస్తూ పెరిగాడు. మన చేర్యాల పటాల మాదిరిగా, చుట్టగా చుట్టిన పటాన్ని విప్పుతూ పాటతో కథ చెప్పే పటువాలు అక్కడ ఊరూరా తిరిగేవారు. ఇటుకల మీద బొమ్మలు తీర్చిన విష్ణుపురం గుళ్ళు కూడా ఆ జిల్లాలోనివే.

పదహారో ఏట ఆయన కలకత్తా వెళ్ళి ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో చేరారు. అక్కడ పాశ్చాత్య పద్ధతిలో తైలవర్ణ చిత్రాలు వేయడం నేర్చి, 1908లో డిప్లొమా పొందారు. చదువు ముగిసినంత మాత్రాన ఇల్లు గడవదు గదా! అచ్చుబొమ్మలకు రంగులద్దడం వంటి చిన్నాచితకా పనులు కూడా చేయవలసి వచ్చింది. క్రమంగా మనుషుల రూపచిత్రాలు వేయడంలో మంచి పేరు వచ్చింది. కలకత్తాలోని కలిగిన కుటుంబాల వారు పిలిచి బొమ్మలు వేయించుకునేవారు. ఫోటోను చూసి అచ్చు గుద్దినట్లు మనిషిని దించగల నేర్పు ఆయనది. ఏ ఉద్యోగమూ లేని కళాకారుడికి అంతకన్న నిలకడైన రాబడి మరొకటి ఉండదు.

సరిగ్గా అటువంటి సమయంలోనే, 1920ల తొలినాళ్ళలో, ఆయన మనసు ఆ పనిమీద నుంచి విరిగిపోయింది. చేతిలో పనితనం ఉంది, కాని అది నేర్చి తెచ్చుకున్న పరాయి బాణీ. మన మట్టిలో పుట్టినది కాదు. ఈ సంగతి మనసుకు తట్టిన తరువాత ఆయన వెనుకకు చూడలేదు. రూపచిత్రాల పని మానుకున్నారు. భార్యాబిడ్డలున్న మనిషి, నెలకింత అని చేతికిచ్చే దిక్కులేని మనిషి, నడివయసుకు చేరువైన మనిషి తీసుకున్న నిర్ణయమిది. ఆ తరువాత కొన్నేళ్ళపాటు ఇల్లు చాలా ఇబ్బందిగా నడిచింది. రిటైరైన మొదటి నెలల్లో రాబడి తగ్గినప్పటి బెంగ మనకు తెలియనిది కాదు. దానిని కోరి నెత్తిన పెట్టుకోవడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో ఆలోచించండి.

ఆయన దృష్టి ముందుగా కాళీఘాట్ పటాల మీద పడింది. కలకత్తా కాళికాలయానికి వచ్చే యాత్రికులకు అణాకో రెండణాలకో అమ్ముతూ వచ్చిన బొమ్మలవి. కుంచె ఎత్తకుండా ఒక్క ఊపులో గీసిన గీత వాటి ప్రాణం. చవక అచ్చుబొమ్మలు వచ్చి వాటి గిరాకీని దెబ్బతీశాయి. అయితే కాళీఘాట్ పటువాలు కూడా పట్నవాసపు వాసన పట్టిన వారేనని గ్రహించి, రాయ్ గారు మళ్ళీ తన జిల్లా పల్లెల వైపే తిరిగారు. చిన్ననాడు చూసిన పటాలను, కొయ్యబొమ్మలను, గుళ్ళ ఇటుకలను విద్యార్థిలా మళ్ళీ చదివారు.

అక్కడి నుంచి ఆయన పని పద్ధతే మారిపోయింది. ఖరీదైన తైలవర్ణాలను, విదేశీ కాన్వాసును పక్కన పెట్టారు. గుడ్డ, అట్ట, చెక్క, తాటాకు చాప, ఏది దొరికితే దానిమీద సున్నమో మట్టో పూసి బొమ్మకు నేల తయారు చేసుకునేవారు. రంగులు ముఖ్యంగా ఏడే: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, సిందూరం, బూడిద, నీలం, తెలుపు. రాతిపొడి, ఒండ్రుమట్టి, నీలిమందు, సుద్ద వంటి వాటితో రంగులు, దీపపు మసితో నలుపు, వాటిని పట్టి ఉంచడానికి చింతగింజల జిగురు. అన్నీ మన పెరటిలోనో, పచారీ కొట్టులోనో దొరికే సరుకులే. బొమ్మలో వెలుగునీడలు లేవు, దూరం దగ్గర అనే భ్రమ లేదు. గట్టి గీత, నిండు రంగు, చేపల్లాంటి పెద్ద కళ్ళు, చుట్టూ అల్పన వంటి అంచు. తల్లీబిడ్డలు, సంతాల్ యువతులు, గోపికలు, కృష్ణబలరాములు, రొయ్యను నోట కరచుకున్న పిల్లి ఆయన బొమ్మలయ్యాయి. ఏసుక్రీస్తును కూడా అదే పల్లె బాణీలో చిత్రించారు.

1938లో కలకత్తా బ్రిటిష్ ఇండియా స్ట్రీటులో జరిగిన ప్రదర్శనతో ఆయన పేరు బాగా వ్యాపించింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కలకత్తా వచ్చిన బ్రిటిష్, అమెరికన్ సైనికులు కూడా ఆయన బొమ్మలు కొనుక్కుని తమ దేశాలకు పట్టుకుపోయారు. 1946లో లండనులో, 1953లో న్యూయార్కులో ప్రదర్శనలు జరిగాయి. ఆయన మాత్రం విదేశాల మొహం చూడలేదు. రసగుల్లాలకు పేరుపడ్డ కె.సి.దాస్ కుటుంబం వారి కోసం పదిహేడు పెద్ద పటాలుగా వేసిన రామాయణం ఆయన కృషిలో తలమానికమని చెప్పవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. పేరు పెరిగితే ధర పెంచడం లోకరీతి. రాయ్ గారు ఆ దారిన పోలేదు. తన ఇంటినే పటువాల ఇల్లు మాదిరిగా నడిపారు. కుమారుడు అమియ రాయ్, మరికొందరు రంగులు నింపడంలోనూ, నకళ్ళు తీయడంలోనూ చేయి కలిపేవారు. ఒకే బొమ్మను పదిసార్లు, ఇరవైసార్లు వేసి తక్కువ ధరకు ఇచ్చేవారు. ఒక గుమాస్తా గాని, బడిపంతులు గాని పండుగ ఖర్చులో కొంత మిగుల్చుకుని కొనుక్కోగలగాలన్నది ఆయన ఉద్దేశం. ఇది కళ కాదు, కార్ఖానా అని విమర్శించినవారున్నారు. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. ఒకే బాణీ పదేపదే తిప్పితే కొన్ని బొమ్మల్లో జీవం తగ్గక మానదు. కాని ఒక్కటే బొమ్మ, ఒక్కడే ధనవంతుడు అనే లెక్కను ఆయన మొదటి నుంచీ ఒప్పుకోలేదు. కుమ్మరి చేసిన గుర్రం ఎందరిళ్ళకు వెళితే అంత గౌరవం గాని, తక్కువా?

1954లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో సత్కరించింది. 1955లో లలిత కళా అకాడమీ ఫెలోషిప్ లభించింది. బాగ్‌బజారులో చాలాకాలం నివసించిన తరువాత బాలిగంజిలో సొంత ఇల్లు కట్టుకుని, చివరివరకు అక్కడే పనిచేస్తూ, 1972 ఏప్రిల్ 24న పరమపదించారు.

ఆ తరువాతి కథ విచిత్రమైనది. 1976లో ఆయన కృతులను ప్రభుత్వం జాతీయ కళాసంపదగా ప్రకటించింది. వాటిని దేశం దాటించడానికి వీలులేదు. వేలంపాటల్లో ఆయన బొమ్మలు కోట్ల రూపాయలు పలికిన సందర్భాలున్నాయి. గుమాస్తా ఇంటికోసం వేసిన బొమ్మ గుమాస్తా కలలో కూడా కొనలేనిదయింది. ఇంట్లో పలుచేతులు కలిసి వేసిన బొమ్మలు గనుక అసలేదో నకలేదో తేల్చడం కష్టమై, దొంగబొమ్మలు కూడా పుట్టుకొచ్చాయి. ఆయన కోరినదొకటి, లోకం చేసినదొకటి.

అయినా ఆయన కోరిక పూర్తిగా వమ్ము కాలేదు. క్యాలెండర్ల మీద, శుభాకాంక్షల కార్డుల మీద, చేతిసంచుల మీద ఆ పెద్దకళ్ళ తల్లి మన ఇళ్ళలోకి వస్తూనే ఉంది. చాలామందికి వేసినవారి పేరు మాత్రం తెలియదు. పిల్లల దగ్గరకని ఢిల్లీ వెళ్ళే మన సభ్యులు ఒక పూట వీలు చేసుకుని, జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఆయన చిత్రాలు చూడవలసిందిగా మనవి. మనవలను కూడా వెంట తీసుకువెళ్ళండి. చింతగింజల జిగురుతో, దీపపు మసితో ఇంత పని చేయవచ్చునా అని వాళ్ళు తప్పక అడుగుతారు.