జేమ్స్ మెక్‌నీల్ విస్లర్

జేమ్స్ అబ్బాట్ మెక్‌నీల్ విస్లర్ (1834 - జూలై 17, 1903) అమెరికాలో జన్మించి, ఇంగ్లాండులో స్థిరపడిన సుప్రసిద్ధ చిత్రకారుడు, ఎచింగ్ నిపుణుడు. చిత్రాలకు సంగీత పరిభాషతో పేర్లు పెట్టి, చిత్రం పేరు దేనిని తెలపాలన్న చర్చకు కారకుడయ్యాడు.

బాల్యము, విద్యాభ్యాసము

విస్లర్ మసాచుసెట్స్ రాష్ట్రములోని లోవెల్ పట్టణములో జన్మించాడు. తండ్రి రైల్వే ఇంజనీరు. ఆయన ఉద్యోగరీత్యా కుటుంబము 1843లో రష్యాకు వెళ్ళగా, విస్లర్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చిత్రలేఖనము అభ్యసించాడు. 1851లో వెస్ట్ పాయింట్ సైనిక పాఠశాలలో చేరి, రసాయన శాస్త్రములో తప్పడముతో 1854లో బయటకు రావలసి వచ్చింది. 1855లో పారిస్ చేరి, 1859లో లండనుకు నివాసము మార్చాడు.

చిత్రాల పేర్లు

చిత్రము కథ చెప్పనవసరము లేదని, రంగుల పొందికే ప్రధానమని విస్లర్ అభిప్రాయము. 1867లో రాయల్ అకాడమీలో ప్రదర్శించిన చిత్రముపై 'తెలుపులో సింఫనీ, సంఖ్య 3' అన్న పేరును స్వయముగా వ్రాశాడు. 1863లో పారిస్‌లో 'తెల్లని యువతి'గా ప్రదర్శించిన చిత్రము తరువాత 'తెలుపులో సింఫనీ, సంఖ్య 1' అయినది. రాత్రి దృశ్యాలకు 'నాక్టర్న్' అన్న పేరును సూచించినది ఆయన పోషకుడు ఫ్రెడరిక్ లేలాండ్.

ఆయన పేర్లలో తరచు రెండు భాగాలు ఉంటాయి: మొదటిది సంగీత పదము, రంగులు, రెండవది విషయము. 1871లో వేసిన తల్లి చిత్తరువు 'బూడిద, నలుపు రంగుల అమరిక, సంఖ్య 1' ఇందుకు ఉదాహరణ. కాని ప్రజలలో అది 'విస్లర్ తల్లి'గానే స్థిరపడింది. ఆంగ్ల గ్రంథాలలో చిత్రాల అసలు పేర్లను సాధారణంగా వాలు అక్షరాలలో ముద్రిస్తారు. కనుక ఈ చిత్రము విషయములో చిత్రకారుడు పెట్టిన పేరును, వాడుక పేరును వేరుగా గుర్తించవలసి ఉంటుంది.

రస్కిన్‌పై దావా

'నలుపు, బంగారు రంగుల నాక్టర్న్: రాలుతున్న తారాజువ్వ' అనే చిత్రము 1877లో గ్రోవనర్ గ్యాలరీలో 200 గినీల ధరతో ప్రదర్శింపబడింది. ప్రముఖ విమర్శకుడు జాన్ రస్కిన్ దానిని తీవ్రముగా నిందించగా, విస్లర్ పరువునష్టము దావా వేశాడు. 1878 నవంబరులో జరిగిన విచారణలో పేరు యొక్క అర్థము కూడా ప్రశ్నింపబడింది. విస్లర్ గెలిచినా, లభించిన పరిహారము ఒక ఫార్దింగు, అనగా పావు పెన్నీ మాత్రమే. కోర్టు ఖర్చులు దక్కలేదు. అప్పుల భారముతో 1879లో దివాలా తీశాడు.

చివరి దశ

తరువాత వెనిస్ వెళ్ళి చేసిన ఎచింగులు ఆయన ప్రతిష్ఠను కొంత నిలబెట్టాయి. 1891లో ఫ్రెంచి ప్రభుత్వము తల్లి చిత్తరువును కొనుగోలు చేసింది. అది ప్రస్తుతము పారిస్‌లోని ఓర్సే మ్యూజియముకు చెందినది. వివాదాస్పదమైన 'నాక్టర్న్' డెట్రాయిట్ కళా సంస్థలో ఉన్నది. విస్లర్ 1903లో లండనులో మరణించాడు.