ఒక్క క్రిమిపై 60 ఏండ్ల కృషి: డాక్టరు రెబెక్కా లాన్స్‌ఫీల్డ్

పిల్లలకు గొంతునొప్పి వచ్చుట, నాలుగు రోజులలో తగ్గుట మన ఇండ్లలో మామూలే. కాని కొందరికి అది గొంతులో మొదలై గుండెకు ముప్పు తెచ్చును. అట్టి గొంతు జబ్బును కలిగించు క్రిమి గుట్టును విప్పిన విదుషీమణి రెబెక్కా లాన్స్‌ఫీల్డ్.

ఈమె 1895 జనవరి 5వ తేదీన న్యూయార్కులోని స్టాటెన్ ద్వీపమున జన్మించెను. తండ్రి సైనికోద్యోగి. వెల్స్‌లీ కళాశాలలో భాషలు చదువబోయి, తన గదిలోని స్నేహితురాలి జీవశాస్త్ర పాఠములు చూచి మనసు మార్చుకొని జంతుశాస్త్రము చదివెను. 1916లో పట్టభద్రురాలై, ఒక బాలికల పాఠశాలలో పాఠములు చెప్పి కొంత సొమ్ము కూడబెట్టుకొని, కొలంబియాలో పై చదువులకు వెళ్ళెను. 1918లో వివాహమాడి, ఆ యేడే రాక్‌ఫెల్లర్ సంస్థలో ఏవరీ, డోషెజ్ అను శాస్త్రజ్ఞుల వద్ద సహాయకురాలిగా చేరెను.

అవి మొదటి మహాయుద్ధపు దినములు. టెక్సాసు సైనిక శిబిరములలో స్ట్రెప్టోకాకస్ క్రిమి ప్రబలెను. అచటి 125 నమూనాలను పరీక్షించి, పైకి ఒక్కటిగా కనబడు ఈ క్రిమిలో పలు రకములున్నవని వారు 1919లో ప్రకటించిరి.

ఆ భేదమునకు మూలము క్రిమి పైభాగమున ఉండు ఎం ప్రోటీను అని ఈమె 1928లో నిరూపించెను. మన రక్తములోని తెల్లకణములు క్రిములను మ్రింగివేయును. ఈ ప్రోటీను కవచమువలె నిలిచి మ్రింగనీయదు. కొన్నాళ్ళకు శరీరము దానికి విరుగుడు పదార్థములను తయారు చేయును. అవి కవచమునకు అంటుకొన్న పిమ్మట తెల్లకణములదే పైచేయి. అయితే ఒక రకమునకు పుట్టిన విరుగుడు వేరొక రకమునకు సాధారణముగా పనిచేయదు. ఒక తాళపుచెవి మరొక తాళమునకు పట్టనట్లే. కనుకనే ఒకసారి తగ్గిన బిడ్డకు మరల వచ్చుచుండును. నేడు ఈ రకములు 200కు పైగా తెలిసినవి.

ఈ ప్రోటీను కొంతవరకు మన గుండె కండరములోని ప్రోటీనును పోలియుండునని తరువాతివారు కనుగొనిరి. క్రిమిపైకి పోవలసిన విరుగుడు పొరపాటున గుండెపైకి పోయి కవాటములను చెరచును. కీళ్ళవాత జ్వరము వలన గుండె చెడుటకు ఇదియొక ముఖ్య కారణము.

ఈమె 1933లో స్ట్రెప్టోకాకస్ క్రిములను ఏ, బీ మొదలగు వర్గములుగా విభజించెను. ప్రపంచమంతట నేటికిని ఆ పద్ధతియే వాడుక. 1961లో అమెరికా రోగనిరోధక శాస్త్రజ్ఞుల సంఘమునకు తొలి మహిళాధ్యక్షురాలయ్యెను. 80 ఏండ్లు దాటినను ప్రయోగశాలకు వెళ్ళుట మానలేదు. 1981 మార్చి 3వ తేదీన కన్నుమూసెను.

ఈ క్రిమికి నేటివరకు టీకా లేదు, పెన్సిలిను ఉన్నది. గొంతునొప్పులన్నియు దీనివలన రావు. అయినను జ్వరముతో గొంతు నొచ్చు బిడ్డను ఆలసింపక వైద్యునికి చూపుడు. ఈ క్రిమియే అని తేలినచో, 9 దినములలోగా మందు మొదలుపెట్టి, నొప్పి తగ్గినను పూర్తిగా వాడినచో గుండెకు ముప్పు తప్పును. ఒక తల్లి జీవితకాలపు శ్రమ మన బిడ్డలకు అందుట మన చేతిలోనే యున్నది.