ఫ్లారెన్సు నైటింగేలు: ఇంటింటి ఆరోగ్యబోధకురాలు

క్రిమియా యుద్ధకాలమున చేత దీపము ధరించి రోగుల పడకల నడుమ సంచరించిన ఫ్లారెన్సు నైటింగేలు పేరు మన విద్యార్థులందరు వినియే యుందురు. అయితే ఆ దీపపు కథ ఆమె తొంబదియేండ్ల జీవితమున రెండేండ్లది మాత్రమే. రోగము రాకుండ కాపాడుకొను విద్యను ఇండ్లకును పాఠశాలలకును చేర్చుటకై ఆమె చేసిన కృషి అంతకంటె దీర్ఘమైనది. దానినే మేమిచ్చట ముఖ్యముగా చెప్పదలచితిమి.

ఆమె 1820 మే 12వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున నొక ధనిక ఆంగ్ల కుటుంబమందు జన్మించెను. రోగిసేవ గౌరవకుటుంబముల స్త్రీలకు తగదని నాటివారి తలంపు. తల్లియు సోదరియు ఎంత వారించినను ఆమె పట్టు విడువక 1851లో జర్మనీలోని కైజర్సువెర్తునందు శిక్షణ పొందెను. 1854లో 38 మంది నర్సులతో స్కుటారి సైనిక వైద్యశాలకు వెళ్లెను. అచ్చట గాయములకంటె మురికివలన పుట్టిన వ్యాధులచే మరణించువారే ఎక్కువ. ఈ సత్యము ఆమె మనస్సున నాటుకొనెను.

1856లో స్వదేశము చేరిన పిదప ఆరోగ్యము చెడి, చాలకాలము గది విడువలేకపోయినను, ఆమె కలము విడువలేదు. 1859లో రోగిసేవనుగూర్చి యొక గ్రంథము ప్రకటించెను. 1861లో దానిని శ్రామికజనులకొరకు మార్చి వ్రాసి, శిశుసంరక్షణనుగూర్చిన క్రొత్త ప్రకరణము చేర్చెను. అది తల్లులకు గాక, తమ్ములను చెల్లెండ్రను ఎత్తుకొను బాలికల నుద్దేశించి వ్రాయబడినది. చంటిబిడ్డకు మంచి గాలి, వెచ్చదనము, వేళకు ఆహారము, శుభ్రత ఏల కావలెనో వారితో ఎదుట కూర్చుండి మాటాడినట్లు చెప్పెను. చంకన బిడ్డతో వాకిట నిలిచిన అక్క మన పల్లెలకు క్రొత్త కాదు. అట్టి పిల్లను చిన్నచూపు చూడక, బాధ్యత తెలిసిన మనిషిగా నెంచి బోధించుటయే ఆ ప్రకరణపు గొప్పతనము.

1860లో లండనునందు ఆమె పేర నర్సుల పాఠశాల వెలసెను. 1892లో బకింగుహాముషైరు పల్లెలలో ఆమె ప్రోత్సాహముచే మరియొక ప్రయత్నము సాగెను. కొందరు స్త్రీలకు వైద్యునిచే ఆరోగ్యశాస్త్రము నేర్పించి గ్రామములకు పంపిరి. వారు తనిఖీదారులవలె గాక స్నేహితురాండ్రవలె గృహిణులను కలిసికొని, ఆ యింటనున్న సాధనములతోనే శుభ్రతను చేసి చూపవలెనని ఆమె కోరెను. ఉపన్యాసము వినిన మాత్రమున అలవాటు మారదని ఆమె ఎరుగును.

ఆమె భారతదేశము నెన్నడును చూడలేదు. అయినను ఇచ్చటి సైనికుల ఆరోగ్యమునుగూర్చి 1863లో వెలువడిన రాయల్ కమిషను నివేదికకై మిక్కిలి శ్రమించెను. మన గోదావరిపై ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థరు కాటనుతోను, పూనా సార్వజనిక సభతోను ఉత్తరములు జరిపెను. గ్రామములందు మంచినీరు, మురుగుపారుదల, ఆరోగ్యబోధ కావలెనని వ్రాసెను. ప్రజల భాషను, ఆచారములను ఎరిగి, వారిని నొప్పింపక ఒప్పించువారే బోధకులు కావలెనని ఆమె అభిప్రాయము.

ఆమెకును పొరపాటు లేకపోలేదు. రోగములు అంటువలన వ్యాపించునను మాటను ఆమె చాలకాలము నమ్మలేదు. అయినను ఆమె బోధించిన గాలి, నీరు, పరిశుభ్రత వేలమందిని కాపాడినవి. 1907లో ఆర్డరు ఆఫ్ మెరిటు బిరుదము పొందిన ప్రథమ స్త్రీ ఆమెయే. 1910 ఆగస్టు 13వ తేదీన లండనునందు మరణించెను.

ఈ చరిత్రము మనకు నేర్పున దేమి? ఎదుగు వయసున బాలబాలికలకు దేహమునుగూర్చి అనేక సందేహములు కలుగును. సిగ్గుచే వానిని దాచుకొన్నవారు తెలిసీతెలియని తోడివారి మాటలు నమ్మి భయముతో కృశింతురు. చిన్న వ్యాధి ముదిరి పెద్దదగును. కావున విద్యార్థులారా, తల్లిదండ్రులనో ఉపాధ్యాయులనో నిస్సంకోచముగ అడుగుడు. పెద్దలారా, అడిగిన బిడ్డను కసరక, మర్యాద తప్పని మాటలతో ఉన్నదున్నట్లు చెప్పుడు. అడుగుటకు జంకు లేని యింట, చెప్పుటకు విసుగు లేని పాఠశాలలో ఆమె దీపము నేటికిని వెలుగుచున్నదని మేము నమ్ముచున్నాము.