కుమ్మరి జోసయా వెడ్జ్‌వుడ్ చరిత్రము



మొల్లమాంబ పుణ్యచరిత్రమును, శాలివాహనుని గాథయు, ఏడుకొండలవానికి మట్టిపూవుల నర్పించిన కురువనంబి కథయు మన యిండ్లలో పిల్లలు సైత మెఱుగుదురు. ఈ సంచికయందు మేము సముద్రమున కావలనున్న యొక కుమ్మరి చరిత్రమును విన్నవించుచున్నాము. అతని దేశము వేఱు, మతము వేఱు, భాష వేఱు. సారెయు, మట్టియు, ఆవమును మాత్రము మనవియే. తరతరములుగా కుండలు చేసి బ్రదికిన యింట పుట్టి, కుంటికాలితో, చాలీచాలని చదువుతో, ఒక పల్లెటూరి యావమునుండి యుత్తరమున రుష్యా రాణివాసమువఱకు తన పాత్రలను నడపినవాడు జోసయా వెడ్జ్‌వుడ్. మట్టిపని కిక గిరాకి లేదని మనవారు సారెలను మూల కానించుచున్న యీ దినములలో నితని చరిత్రము మన కక్కఱకు వచ్చునని మా తలంపు.

ఇంగ్లండు దేశమున స్టాఫర్డ్‌షైర్ మండలమున బర్స్‌లెమ్ అను నూరు కలదు. అచ్చటి నేలను త్రవ్విన బంకమన్నును రాక్షసిబొగ్గును దొరకును. కావున అచ్చటివారు పంటలకంటె కుండలనే నమ్ముకొని యుండిరి. బాటలు వానకాలమున మోకాలిలోతు బురద. సరకును గుఱ్ఱముల వీపులపై గంపలలో పెట్టి తోలవలెను. దారిలో పగిలినది పగులగా మిగిలినదే సంతకు చేరును. అట్టి యూర 1730 వ సంవత్సరమున తోమస్ వెడ్జ్‌వుడ్ అను కుమ్మరి యింట పెక్కుమంది బిడ్డలకు కడగొట్టువాడుగా జోసయా జన్మించెను. 1739 లో తండ్రి గతించెను. అంతటితో బడి చాలించి, తొమ్మిదేండ్ల బాలుడు అన్నగారి పనిలో చేరెను. కొలది కాలమునకే మశూచికము సోకి ప్రాణము దక్కెను గాని కుడి మోకాలు చెడెను. మన సారెను కఱ్ఱతో త్రిప్పుదుము. వారి సారెను కాలితో త్రొక్కి త్రిప్పవలెను. కాలు చెడిన కుమ్మరి కిక నేమి గతి?

ఈ లోపమే యతనికి మేలయ్యెను. సారెయొద్ద నెక్కువసేపు కూర్చుండలేక యతడు మట్టి స్వభావమును, పూతల రంగులను, మంట పాకమును పరిశీలింపసాగెను. 1744 లో అన్నయొద్దనే యైదేండ్లకు శిష్యుడుగా వ్రాతపూర్వకముగా చేరెను గాని, గడువు తీఱిన పిమ్మట అన్న యతనిని భాగస్థునిగా చేర్చుకొనుట కంగీకరింపలేదు. అతడు ఇతరులతో కలిసి పని చేసి, 1754 లో ఆ ప్రాంతమున పేరుగన్న తోమస్ వీల్డన్ అను కుమ్మరితో పొత్తు కలిసెను. ఆ కాలముననే తన పరీక్షల నన్నిటిని ఒక పుస్తకమున నెక్కించుట ప్రారంభించెను. ఏ మన్ను ఎంత, ఏ పూత ఎంత, ఆవములో ఏ చోటున పెట్టినది, ఎట్లు దిగినది, అన్నియు వరుస సంఖ్యలతో వ్రాసెడివాడు. పొరుగువారు దొంగిలింపకుండ గుర్తులతో వ్రాసెడివాడు. చెడిపోయిన పరీక్షనుగూడ వ్రాయుట యతని నియమము. పచ్చని నిగనిగలాడు పూత యొకటి యిట్లు సిద్ధించెను. 1759 లో బర్స్‌లెమ్‌లో బంధువుల యావమును బాడుగకు తీసికొని స్వతంత్రముగా పని ప్రారంభించెను.

అప్పటి వర్తక స్థితిని కొంచెము చెప్పవలెను. ధనవంతుల బల్లలపై చీనా పింగాణియే రాజ్యమేలుచుండెను. ఈస్టిండియా కంపెనీ యోడలు దానిని కుప్పలుగా దించుచుండెను. శాక్సనీలోని మైసెన్ కార్ఖానాకును ఫ్రాన్సులోని సేవ్ర్ కార్ఖానాకును రాజులే పోషకులు. సామాన్యులు కొయ్యపళ్లెములలోను తగరపు పళ్లెములలోను తినుచుండిరి. బర్స్‌లెమ్ కుమ్మరి సరకు ఈ రెంటి నడుమ నలిగిపోవుచుండెను. రాజుల ధనముతో పోటీపడుటకు అతనియొద్ద ధనము లేదు. పింగాణికి సాటిగా పింగాణినే చేయబూనక, తెల్లని మన్నును కాల్చి పొడిచేసిన చెకుముకిరాతితో కలిపి, మీగడవన్నె గల పలుచని పాత్రలను తేర్చుటకై పాటుపడెను. ఆ జాతి పాత్రలు అంతకుముందే యున్నను రంగు నిలుకడగా నుండెడిది కాదు, వేడినీరు పోసిన పగుళ్లు పుట్టెడివి. ఆ లోపములను సవరించి, అన్నియు నొకే వన్నెతో, ఒకదానిపై నొకటి చక్కగా కూర్చుండునట్లు చేసెను. బొమ్మలకై వానిని లివర్‌పూల్ పట్టణమునకు పంపి రాగిరేకులమీది చిత్రములను అద్దించెడివాడు. చేతివ్రాతకంటె నిది మిక్కిలి చౌక.

1765 లో షార్లెట్ రాణి తేనీటి పాత్రల నొక వరుస చేయించుకొనెను. మఱుసటి యేట రాణిగారి కుమ్మరి యను బిరుదు లభించెను. అతడు వెంటనే ఆ మీగడవన్నె సరకునకు రాణిపాత్రలని పేరు పెట్టెను. రాణి వాడునట్టి పళ్లెమునే తామును వాడవలెనని ప్రభువులకు, వారిని చూచి వర్తకులకు, వారిని చూచి సామాన్యులకును కోరిక పుట్టునని యతడు గ్రహించెను. పచ్చిమట్టిమీదనే తన పేరును ముద్రవేయుట నియమముగా పెట్టుకొనెను. కుండ చేసినవాడెవడో లోక మెఱుగవలె నన్న పట్టుదల యందు కలదు.

1762 లో ప్రయాణమున కాలు నొచ్చి లివర్‌పూల్‌లో మంచమెక్కినప్పుడు తోమస్ బెంట్లీ యను వర్తకునితో స్నేహము కలిగెను. బెంట్లీ భాషలు తెలిసినవాడు, లోకజ్ఞుడు. మట్టి యొకనిది, మాట యొకనిది యనునట్లు వా రిరువురు 1769 నుండి భాగస్థులై 1780 లో బెంట్లీ మరణించువఱకు కలిసి పనిచేసిరి. 1764 లో దూరపు బంధువైన సారాను పెండ్లాడెను. ఆమె భర్త పరీక్షల లెక్కలను వ్రాసిపెట్టుటలోను, పాత్రల రూపము మంచిచెడ్డలు చెప్పుటలోను తోడ్పడెను. 1768 వ సంవత్సరము మే నెలలో చెడిన కుడికాలిని తీసివేయవలసి వచ్చెను. మత్తుమందు లేని కాలమది. కుర్చీలో కూర్చుండియే యతడా బాధను సహించెను. పిదప కొయ్యకాలితో కార్ఖానాలో తిరుగుచుండెను.

బురదబాటలపై నాజూకు పాత్రలు నడువవని యెఱిగి, కొత్త బాటలకై పాటుపడి, పిదప ట్రెంటు మెర్సీ నదులను కలుపు కాలువకై యుద్యమించెను. 1766 లో పార్లమెంటు చట్టము చేయగా దాని కోశాధిపతియై, తొలి మట్టిపెళ్లను తానే త్రవ్వెను. 1777 లో పూర్తియైన యా కాలువగుండ దూరపు తెల్లమన్ను పడవలలో వచ్చుటయు, పగులకుండ పాత్రలు రేవునకు పోవుటయు సాధ్యమయ్యెను. ఆ కాలువ యొడ్డుననే 1769 లో ఎట్రూరియా యను కొత్త కార్ఖానాను నెలకొల్పెను. మొదటినాడు బెంట్లీ చక్రము త్రిప్పగా వెడ్జ్‌వుడ్ తన చేతులతో ఆఱు కలశములను తీర్చెను. యజమానుడైనను అతడు కుమ్మరియే.

1772 లో ఐరోపా యంతట అప్పు పుట్టని కఱవు వచ్చెను. సరకు గిడ్డంగులలో పేరుకొనెను. ఇట్టి వేళ పెక్కండ్రు పనివారిని తీసివేసి తలుపులు మూయుదురు. ఇతడు లెక్కల పుస్తకములను ముందు పెట్టుకొని కూర్చుండెను. ఒక్కొక్క కలశమునకు మన్నెంత, బొగ్గెంత, కూలి యెంత, బాడుగ యెంత, పగులుడు నష్ట మెంత యని విడివిడిగా లెక్కించెను. అట్లు చూడగా కొన్నిటి ధర తప్పుగా నున్నదనియు, గుమాస్తాలలో నొకడు సొమ్ము కాజేయుచున్నాడనియు తెలిసెను. ఆవము నిండినను నిండకున్నను కొన్ని ఖర్చులు తప్పవు గనుక, ఎక్కువ చేసి తక్కువకు అమ్మినచో మధ్యతరగతివారు కొందురనియు, ఖర్చు కలిసివచ్చుననియు గ్రహించెను. ప్రభువుల మెప్పు పొందిన కలశములను ధర తగ్గించి సామాన్యులకు చేర్చెను. మన పెద్దలు ఆవ మెత్తిన పిమ్మట కుండలను లెక్కింతురు గాని, కుండకు పడిన ఖర్చును లెక్కించు నలవాటు మనలో నరుదు. ఈ ఘట్టమును మనవా రొకటికి రెండుసార్లు చదువవలెను.

పరదేశములలో నమ్ముటకు అతడు చేసిన యుపాయములును గొప్పవి. లండను నగరమున సరకును వరుసలుగా పఱచి చూపు మందిరమును తెఱచెను. నచ్చనిచో తిరిగి తీసికొందునని మాట యిచ్చెను. సరకుల పట్టికను అచ్చువేయించి, ఫ్రెంచి మొదలగు భాషలలోనికి మార్పించెను. 1771 ప్రాంతమున, జర్మను దేశములలోని ప్రభువులకు, వారడుగకయే, ఒక్కొక్కటి సుమారు 20 పౌనుల విలువ గల పెట్టెలను దాదాపు వేయింటిని పంపెను. ఇరువదివేల పౌనులు గాలికి వదలినట్లే యని చూచువారికి తోచును. రెండేండ్లలో వారిలో పెక్కండ్రు సొమ్ము చెల్లించిరి. రుష్యా చక్రవర్తిని కాథరీన్ 952 పాత్రల విందువరుసను కోరెను. వానిపై ఇంగ్లండులోని కోటలు, తోటలు, నదులు మొదలగు వేయింటికి పైబడిన దృశ్యములను వ్రాయించి, ఆమె మందిర మున్న బురదనేల పేరునుబట్టి ప్రతి పాత్రపైనను పచ్చని కప్పబొమ్మను వేయించెను. లాభము స్వల్పమే. ఐనను 1774 లో దానిని పంపుటకు ముందు లండనులో ప్రదర్శింపగా రాజకుటుంబమువారును చూడవచ్చిరి. ఆ పాత్రలు నేటికిని హెర్మిటేజి మ్యూజియమున కలవు. 1784 నాటికి అతని సరకులో సుమారు నూటి కెనుబదిపాళ్లు పరదేశములకే పోవుచుండెను.

ఇంత పేరు వచ్చినను పరీక్షలు మానలేదు. వేలకొలది ముక్కలను కాల్చి చూచిన మీదట, 1774-75 ప్రాంతమున జాస్పర్ అను కొత్త మట్టిని సాధించెను. నీలివన్నె నేలపై తెల్లని బొమ్మలతో నుండు ఆ పాత్రలే నేటికిని అతని పేరు చెప్పగానే స్మరణకు వచ్చునవి. ఆవపు వేడిని మంట రంగునుబట్టి కనిపెట్టుట మన పెద్దల విద్య. కన్ను తప్పిన ఆవము తప్పును. కాలిన కొలది మట్టిముక్క కుదించుకొనుటను గమనించి, ఆ కుదింపును కొలిచి వేడిని తెలిసికొను సాధనమును 1782 లో కల్పించెను. దాని కొలత సరికాదని పిమ్మట తేలెను గాని, అది కల్పించినందులకు మఱుసటి యేట రాయల్ సొసైటీవారు కుమ్మరిని తమ సభ్యునిగా చేర్చుకొనిరి.

1787 లో నీగ్రోబానిసల వ్యాపారమును ఖండించుచు, సంకెలలతో మోకరిల్లి న్యాయ మడుగుచున్న మనుజుని బిళ్లలను చేయించి యుచితముగా పంచిపెట్టెను. స్త్రీపురుషులు వానిని నగలవలె ధరించిరి. తన విద్యతో నొక ధర్మమును నిలువబెట్టిన కుమ్మరియని మేమందుకు గర్వింతుము.

ఐనను చరిత్రకారుడు పొగడ్తతోనే సరిపెట్టరాదు. గంటకొట్టి పిలిచి, ఆలస్యమైన జరిమానా వేసి, పనిని ముక్కలు ముక్కలుగా విభజించుటచేత సరకు మేలయ్యెను గాని, సొంత సారె గల కుమ్మరి అచ్చట కూలివా డయ్యెను. పసిపిల్లలును పనిచేసిరి. ఆనాటి పూతలలోని సీసము ఆ ప్రాంతమున నెందఱో పనివారి యారోగ్యమును చెఱచెను. 1783 లో ఆహారపు కఱవున ఎట్రూరియాయొద్దనే అల్లరి పుట్టెను. పనివారికి ఇండ్లను, రోగనిధిని ఏర్పాటుచేసిన యజమానుని వాకిటనే యిది జరిగెను. కావున అతని బుద్ధిని గ్రహింపవలెను గాని, అతని యేర్పాటులను మక్కికి మక్కిగా ననుసరింపరాదు.

1795 వ సంవత్సరము జనవరి 3 వ తేదీన అతడు ఎట్రూరియాలో దేహము చాలించెను. జీవపరిణామ శాస్త్రజ్ఞుడు చార్లెసు డార్విను ఇతని కూతురు సుసన్నా కుమారుడే. అతడు స్థాపించిన సంస్థ 1940 ప్రాంతమున బార్లస్టన్‌కు మారెను. 2009 లో ఋణభారమున కుప్పకూలి, పరుల చేతికి పోయెను. 2014 లో అతని పాత పాత్రలును వ్రాతలును అమ్ముడుపోకుండ జనులు చందాలెత్తి కాపాడిరి. ఎంతటి పేరైనను తరతరమునకు కొత్తబుద్ధి పుట్టనిదే నిలువదని యిందు తెలియుచున్నది.

బాంధవులారా! ప్రమిదలు, కూజాలు, మూకుళ్లు, గురుగులు చేయు మన చేతులలో నేర్పు తక్కువ కాదు. పరీక్షించినది వ్రాసిపెట్టుట, ఖర్చు లెక్కించుట, పేరు ముద్రవేయుట, పగులకుండ కట్టి దూరదేశమునకు పంపుట, ఈ నాలుగును మనలో తక్కువ. వీనికి గొప్ప మూలధనము అక్కఱలేదు. అతడు తెచ్చుకొన్న తొలి మూలధనమొక వ్రాతపుస్తకమే. పోషకమహాశయులకు మా మనవి యొకటి. సారెవిడువని యువకుల కొక పరీక్షాశాల, ఒక మంచి యావము, లెక్కలు నేర్పు నొక గురువు, వర్తకము తెలిసిన బెంట్లీవంటి యొక మిత్రుడు లభించునట్లు చేయుడు. ఈ సభ ముగియునాటికి ఒక్క యువకుడైనను ఇంటికిపోయి మూలకానించిన సారెను తుడిచి, ప్రక్కనొక పుస్తకమును పెట్టుకొన్నచో మా వ్రాత సార్థకము.

శుభం భూయాత్.