స్పలాంజానీ పండితుని చరిత్రము

మహాపురుషుని చరిత్రమొకటి వ్రాసి యిమ్మని కార్యదర్శులు మమ్ము కోరిరి. రాజులను గూర్చియు, కవులను గూర్చియు వ్రాయువారు పెక్కుమంది గలరు. మేము ఇటలీ దేశస్థుడగు ఒక ప్రకృతిశాస్త్రజ్ఞుని ఎన్నుకొంటిమి. సంతానోత్పత్తియందు పురుషుని భాగమెట్టిదో ప్రయోగములచే పరీక్షించిన వారిలో ఆయన అగ్రగణ్యుడు. కులసభలో ఈ ప్రసంగమేలయని కొందరడుగవచ్చును. చివరి వరకు చదివినచో మా యుద్దేశము బోధపడగలదు.

లజ్జారో స్పలాంజానీ 1729వ సంవత్సరమున స్కాండియానో అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి న్యాయవాది. కుమారుడును ఆ వృత్తినే అవలంబింపవలెనని బొలోన్యా విశ్వవిద్యాలయమునకు పోయెను. అచ్చట ఆయన బంధువురాలగు లారా బాస్సీ భౌతికశాస్త్రమును బోధించుచుండెను. స్త్రీలకు ఆచార్యపదవి మిక్కిలి యరుదైన ఆ కాలమున, ఆ విదుషి సాంగత్యముచేత ఆయన మనస్సు ప్రకృతిశాస్త్రము వైపు మరలెను. పిదప క్రైస్తవ పురోహితుడై, కొంతకాలము రెజ్జో నగరమున గ్రీకుభాష బోధించెను. భాషాపాఠములు చెప్పినవాడు శాస్త్రజ్ఞుడగుట చూడగా, సంస్కృతము చెప్పి ఆయువు గడపిన మాకు గర్వమును, అంతకంటె నెక్కువగా సిగ్గును కలుగుచున్నది. 1769 మొదలు మరణపర్యంతము పావియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగ నుండెను.

వీర్యమునందు కదలాడు సూక్ష్మరూపములు గలవని డచ్చి దేశస్థుడగు లీవెన్‌హుక్ 1677లోనే చూచెను. అవి యెందుకున్నవో నిశ్చయముగ నెవరికిని తెలియదు. శిశువు సంపూర్ణముగ తల్లి అండమునందే ముందుగ నుండునని కొందరు, తండ్రి బీజమునందే యుండునని కొందరు వాదించుచుండిరి. మన పండితుడు మొదటి పక్షమువాడు.

ఆయన మగకప్పలకు నీరు చొరని గుడ్డతో చిన్న లాగులు కుట్టి తొడిగెను. అవి యథాప్రకారము ఆడకప్పలను పట్టుకొనెను. గ్రుడ్లు పడెను గాని వానిలో నొక్కటియు పిల్ల కాలేదు. లాగులో నిలిచిన ద్రవమును గ్రుడ్లకు తాకింపగా తోకకప్పలు పుట్టెను. ఈ కథను తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు పగలబడి నవ్వెడివారు. నవ్విన పాఠమును మాత్రము మరచెడివారు కారు.

అటుపిమ్మట ఒక ఆడకుక్కను గదిలో నుంచి తాళము వేసి, అది ఎదకు వచ్చినప్పుడు వీర్యమును పిచికారితో గర్భమున ప్రవేశపెట్టెను. 62 దినములకు అది మూడు పిల్లలను పెట్టెను. నేడు మన పల్లెలలో పశువుల దవాఖానయందు బర్రెకు వేయించు ఎదసూదికి ఇట్టి ప్రయోగములే మూలము.

ఇక ఆయన పొరపాటు చెప్పవలెను. వీర్యమును వడకాగితములతో వడపోసెను. క్రిందికి దిగిన ద్రవమునకు ఫలదాన శక్తి నశించెను. కాగితముపై నిలిచిన దానికి ఆ శక్తి యుండెను. సత్యము చేతికందినట్లే. అయినను ఆ సూక్ష్మరూపములు సంతానమునకు అక్కరలేనివని ఆయన మరణము వరకు నమ్మెను. తాను పట్టిన సిద్ధాంతమే కన్నులకు గంత కట్టెను. ప్రేవో, డ్యూమా అనువారు 1824లో ఆ ప్రయోగమునే మరల చేసి, ఆ కణములే కారణమని తేల్చిరి. 1876లో హెర్ట్‌విగ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు సముద్రజీవి అండములో తల్లి బీజము, తండ్రి బీజము నేకమగుటను కన్నులార చూచెను. మన హైదరాబాదునను ఇ. ఎస్. పి. రెడ్డి, పి. ఎం. భార్గవలు ఆబోతు వీర్యమునుండి సూక్ష్మజీవులను అణచు సెమినల్‌ప్లాస్మిన్ అను మాంసకృత్తును గూర్చి 1979లో ప్రకటించిరి.

ఆయనకు శత్రువులును గలరు. కాన్‌స్టాంటినోపుల్ యాత్రకు పోయియున్న సమయమున, సంగ్రహశాలలోని వస్తువులను అపహరించెనని తోటి ఆచార్యులు నింద మోపిరి. విచారణలో నిర్దోషియని తేలెను. 1799 ఫిబ్రవరిలో పావియాలో గతించెను.

ఇప్పుడు మా యుద్దేశము. సంతానము లేని దంపతులలో సుమారు సగముమంది విషయమున పురుషుని పక్షమునను లోపముండునని వైద్యులు చెప్పుదురు. వీర్యపరీక్ష సులభమైనది, నొప్పి లేనిది. అయినను మన యిండ్లలో మ్రొక్కులును, ఉపవాసములును, మందులును ముందుగ కోడలికే. మా యెరుకలోని యొక గృహస్థు పెండ్లియైన ఆరేండ్లకు భార్యను గొడ్రాలని పుట్టింటికి పంపి రెండవ పెండ్లి చేసికొనెను. రెండవ యామెకును సంతానము కలుగలేదు. ఆమె తండ్రి పట్టుబట్టి అల్లుని పరీక్ష చేయింపగా లోపము ఆయనయందే యని తేలినది. అప్పటికి మొదటి యామెకు మారుమనువు జరిగి ఇద్దరు బిడ్డలు కలిగియుండిరి. ఆమె పెద్దకొడుకు మా యొద్దనే శబ్దమంజరి చదివెను.