అన్నా సారా కుగ్లర్

డాక్టర్ అన్నా సారా కుగ్లర్ (ఏప్రిల్ 19, 1856 - జూలై 26, 1930) గుంటూరులో నలభై ఆరు సంవత్సరాలకు పైగా వైద్యసేవ చేసిన అమెరికా దేశపు వైద్యురాలు, లూథరన్ మిషనరీ. గుంటూరులోని కుగ్లర్ ఆసుపత్రి ఈమె పేరు మీదనే వెలసింది.

బాల్యము, విద్యాభ్యాసము

కుగ్లర్ అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రములో, ఫిలడెల్ఫియా నగరానికి సమీపాన గల ఆర్డ్‌మోర్‌లో జన్మించింది. 1879లో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాల నుండి పట్టము పొందినది. 1850లో స్థాపించబడిన ఈ కళాశాలకు భారతదేశముతో విశేష సంబంధము కలదు. 1870లో బరేలీలో వైద్యసేవ ప్రారంభించిన క్లారా స్వెయిన్, 1886లో పట్టభద్రురాలైన ఆనందీబాయి జోషీ ఇక్కడి విద్యార్థినులే. చదువు ముగిసిన తరువాత కుగ్లర్ నారిస్‌టౌన్‌లోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయములో స్త్రీల విభాగమున సహాయ వైద్యురాలిగా పనిచేసింది.

గుంటూరు రాక

గుంటూరులో లూథరన్ మిషను పనిని 1842లో ఫాదర్ హేయర్ ప్రారంభించాడు. అక్కడ పనిచేయుచున్న ఆడం రో అను మిషనరీ, స్త్రీలకు వైద్యురాలి అవసరము ఎంతగా ఉన్నదో తెలుపుతూ 1882లో కుగ్లర్‌కు లేఖ వ్రాశాడు. ఘోషా పాటించే కుటుంబాలలోని స్త్రీలు పురుష వైద్యుని ఎదుటకు రారు. మద్రాసు వైద్య కళాశాలలో స్త్రీలకు ప్రవేశము 1875లోనే లభించినా, చదివి బయటకు వచ్చిన వైద్యురాండ్రు బహు కొద్దిమంది.

కుగ్లర్ తమ సంఘపు మహిళా సమాజానికి దరఖాస్తు చేసుకొన్నది. కాని వైద్యసేవను చేపట్టుటకు ఆ సమాజము అప్పటికి సిద్ధముగా లేదు. ఆమెను వైద్యురాలిగా కాక, ముస్లిము స్త్రీల మధ్య పనిచేయుటకు, బాలికా పాఠశాలలు చూచుటకు సాధారణ మిషనరీగా మాత్రమే నియమించారు. ఆమె ఆ షరతుకు అంగీకరించి, మందులు, పనిముట్లు వెంటబెట్టుకొని 1883 ఆగస్టులో ఓడ ఎక్కి, అదే సంవత్సరము నవంబరు 29న గుంటూరు చేరుకొన్నది.

తొలి సంవత్సరాలు

ఆనాటి గుంటూరు మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందిన పట్టణము (గుంటూరు జిల్లా 1904లో ఏర్పడినది). కుగ్లర్‌కు ఆసుపత్రి లేదు, నర్సులు లేరు, వైద్యురాలిననే నియామకపు ఉత్తరువు కూడా లేదు. పగలు పాఠశాలల పని, తెలుగు నేర్చుకొనుట, వీటి నడుమ రోగులను చూచుట - ఇదీ ఆమె దినచర్య. అయినా మొదటి సంవత్సరములోనే 185 మందికి వారి ఇండ్లలోనూ, మరి 276 మందికి మిషను స్త్రీల నివాస గృహమునందునూ చికిత్స చేసినది.

కొరత పరికరాలది మాత్రమే కాదు. విదేశీయురాలు తాకిన నీటితో కలిపిన మందు త్రాగుటకు అగ్రవర్ణ కుటుంబాలు జంకేవి. ఆమె వచ్చి వెళ్ళిన తరువాత ఇల్లు శుద్ధి చేసుకొనేవారు కూడా ఉండేవారు. ఫిలడెల్ఫియాలో నేర్చిన శాస్త్రము ఎంత ఉన్నా, ముందుగా ఇంటి గడప దాటనిచ్చే నమ్మకాన్ని సంపాదించుకోవలసి వచ్చినది. రెండేళ్ళ తరువాత, 1885 డిసెంబరులో మహిళా సమాజము ఆమెను అధికారికముగా వైద్య మిషనరీగా నియమించినది.

ఆసుపత్రి నిర్మాణము

1889లో సెలవుపై స్వదేశానికి వెళ్ళిన కుగ్లర్ ఆ కాలాన్ని ఆసుపత్రికై విరాళాలు సేకరించుటకు వినియోగించినది. తిరిగి వచ్చిన పిదప 1893లో చికిత్సాలయము ప్రారంభమైనది. డాక్టర్ మేరీ బేర్ 1895లో వచ్చి చేరుటతో పనిభారము పంచుకొనే వైద్యురాలు లభించినది. 1897 జూన్ 23న 50 పడకలతో స్త్రీల, శిశువుల ఆసుపత్రి తెరువబడినది. కాలక్రమాన ప్రసూతి విభాగము, శస్త్రచికిత్స విభాగము ఏర్పడినవి. బయటనుండి నర్సులు రారు గనుక స్థానిక యువతులకే నర్సు శిక్షణ ఇచ్చారు.

తొలినాళ్ళలో గడప వద్దనే ఆగిన నమ్మకము క్రమముగా పెరిగినదనుటకు ఏలూరు రాజా మంత్రిప్రెగడ భుజంగరావు బహద్దూర్ చేసిన సహాయము నిదర్శనము. కవి, సాహిత్యాభిమాని అయిన ఈ జమీందారు, తన కుటుంబానికి కుగ్లర్ చేసిన చికిత్సకు కృతజ్ఞతగా ఆసుపత్రి ఎదుట రోగుల బంధువులు బస చేయుటకు సత్రము కట్టించాడు. దూరపు పల్లెల నుండి వచ్చి, వంట తామే చేసుకొనే కుటుంబాలకు ఈ సత్రము పడకలంత అవసరమైనది. ఆచారము విడువకుండానే రోగిని ఆసుపత్రిలో చేర్చే వీలు దీనివలన కలిగినది.

గుర్తింపు, మరణము

బ్రిటిషు ప్రభుత్వము 1905లో కుగ్లర్‌కు కైజర్-ఇ-హింద్ పతకమును ప్రదానము చేసినది. 1917లో మరొకమారు అదే గౌరవము లభించినది. గుంటూరు మిషను ఆసుపత్రి చరిత్రను ఆమె స్వయముగా వ్రాయగా అది 1928లో ప్రచురితమైనది.

1930 జూలై 26న కుగ్లర్ గుంటూరులోనే, తాను నెలకొల్పిన ఆసుపత్రిలో మరణించినది. అనంతరము ఆ ఆసుపత్రికి ఆమె పేరు పెట్టారు. వైద్యురాలిగా కాక సాధారణ మిషనరీగా మాత్రమే పంపబడిన స్త్రీ పేరు, ఆ విధముగా ఆ పట్టణములో ఆసుపత్రి పేరుగా నిలిచినది.